అంచు మీది గింజ

మొదటి మూత టక్కుమనగానే కొత్తకోడలు ఉలిక్కిపడింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అదేంటత్తయ్యా, సీసా మాట్లాడింది!"

"మాట్లాడలేదు, నోరు మూసుకుంది," అన్నాడు ఆమె భర్త గుమ్మం అవతల నుంచి. "మా ఇంట్లో మూతి బిగిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. నువ్వూ నేర్చుకో."

"ముందు మీరు లోపలికొచ్చి నేర్పండి."

అతను రాడు. మిరపకాయల రోజున వంటింటి గడప తొక్కితే అతనికి దగ్గు ఆగదు. పొద్దుటి నుంచీ వెనిగర్ ఆవిరి, మిరప ఘాటు కలిసి వంటింట్లో పొగమంచులా పట్టి ఉన్నాయి. కిటికీ అద్దం కూడా చెమట్లు కక్కుతోంది. అయినా కొత్తకోడలికి అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. పెళ్లయి నెల తిరగలేదు. ఈ ఇంట్లో ఏ తలుపు తీసినా ఆమెకి ఏదో ఒక వింత కనిపిస్తూనే ఉంది. అన్నిటిలోకీ ఇది పెద్ద వింత.

పొద్దున మామగారు పెరట్లోంచి బుట్టెడు లావు మిరపకాయలు కోసుకొచ్చాడు. సగం పచ్చవి, సగం పండినవి. పెద్దకోడలు చేతులకి గ్లౌజులు తొడుక్కుని వాటిని చక్రాలుగా తరిగింది. ఆమె తరుగుతుంటే కత్తి చెక్కపీటని తాకిన చప్పుడే వినిపించదు. అత్తగారు పెద్ద గిన్నెలో పంచదార, వెనిగర్ పోసి, పసుపు, ఆవాలు, దంచిన వెల్లుల్లి వేసి పాకం కాచింది. చక్రాలు పాకంలో పడగానే మెరిసి, కాసేపటికి పచ్చవాటి రంగు తగ్గి ముదురాకులా అయింది. అదే ఉడికిన గుర్తు. చిల్లుల గరిటెతో వాటిని తీసి సీసాలకెత్తారు. మిగిలిన పాకాన్ని తీగ సాగేదాకా మళ్లీ మరిగించి, సీసా మెడకి అరవేలు కిందికి పోశారు. పెద్దకోడలు సన్నటి పుల్లతో గాలి బుడగల్ని పొడిచి వదిలింది, తడిబట్టతో అంచులు తుడిచింది, మూతలు పెట్టింది. అప్పుడు సీసాలన్నిటినీ మరిగే నీళ్ల గుండిగలో నిలబెట్టారు.

ఇప్పుడవి బల్ల మీద, మడత పెట్టిన తువ్వాలు మీద, ఒకదానికొకటి తగలకుండా నిలబడి ఉన్నాయి. తేనెరంగు పాకంలో పచ్చ చక్రాలు, ఎర్ర చక్రాలు. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. సీసా చల్లారుతుంటే లోపలి గాలి మూతని కిందికి లాగుతుంది. లాగినప్పుడు మూత నడిమి బొడిపె లోపలికి దిగి టక్కుమంటుంది. అలా మోగిన సీసా ఏడాది పాటు చెక్కుచెదరదు.

టక్. ఇంకొకటి. కాసేపాగి రెండు ఒకదాని వెంట ఒకటి.

మోగినప్పుడల్లా కొత్తకోడలు భుజాలెగరేస్తోంది. మామగారు వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో పేపరు చదువుతున్నాడు. కానీ ఎంతసేపటికీ పేజీ తిరగడం లేదు. ఆయన కూడా వింటున్నాడు కాబోలు అనుకుని ఆమెకి ముచ్చటేసింది. ఇంత ముఖం ముడుచుకుని కూర్చునే మనిషికీ ఈ సరదా ఉందన్నమాట!

పొద్దు వాలేసరికి ఒక్కటి తప్ప అన్నీ మోగాయి.

అత్తగారు వేళ్లు తుడుచుకుని వచ్చి, వరసగా మూతల్ని నొక్కి చూసింది. ఆ ఒక్క దాని దగ్గర ఆగింది. వేలి కింద మూత అణిగి మళ్లీ పైకి లేచింది. టిక్కు టిక్కు.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంది. గొంతు ఇంటికంతా వినిపించేలా ఉంది. "అంచు తుడువు, అంచు తుడువు అని మొత్తుకుంటూనే ఉన్నానా? కళ్లెక్కడ పెట్టుకుని చేస్తావు పని?"

పెద్దకోడలు గిన్నెలు తోముతున్నదల్లా చేతులు నీళ్లలోంచి తీసి నిలబడింది. "పొరపాటైందత్తయ్యా."

"ప్రతిసారీ పొరపాటేనా? ఏనాడైనా అన్ని మూతలూ మోగాయా నీ చేతిలో?"

మామగారు పేపరు మడిచాడు. "అది అమ్మకానికి పనికిరాదు. ఫ్రిజ్‌లో పడెయ్యండి," అని లేచి వెళ్లిపోయాడు.

కొత్తకోడలి నవ్వు ఎటు పోయిందో పోయింది. ఒళ్లు మండింది. పొద్దుటి నుంచీ నడుం వాల్చని మనిషిని అంత మాటంటారా? అదీ కొత్తగా వచ్చిన తన ముందు!

గదిలోకి వెళ్లగానే భర్తని పట్టుకుంది. "అక్కని అలా అందరి ముందూ కడిగెయ్యడం ఏం బాగుందండీ?"

"అమ్మ అంతే. మిరపకాయల రోజున ఒకసారి తిట్టాల్సిందే. వదిన ఏమీ అనుకోదు."

"అనుకోదని మీకెవరు చెప్పారు?"

అతను "అన్నయ్య ఉంటే..." అని మొదలుపెట్టి, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. పెద్దకోడలి భర్త పోయి రెండేళ్లయింది. ఆ సంగతి పెళ్లికి ముందే చెప్పారు. ఆ తర్వాత ఈ ఇంట్లో అతని మాట ఎవరూ ఎత్తగా ఆమె వినలేదు. భర్త నోటి నుంచి కూడా ఇదే మొదటిసారి. ఆమె జాలిపడి అతని చెంప నిమిరింది.

"అబ్బా! చేతులు కడుక్కున్నావా లేదా?" అంటూ గంతేశాడతను, కళ్లు నులుముకుంటూ. "కొత్తపెళ్లాం ఘాటుగా ఉంటుందని అంటుంటే ఏమో అనుకున్నాను!"

ఆమె నవ్వలేక నవ్వింది.

తెల్లారగానే అందరికంటే ముందు లేచింది. మూతల డబ్బా మీద చిన్న అక్షరాలు ఆమె నిన్ననే చదివింది: మోగని సీసాకి ఒక రోజులోపు కొత్త మూత పెట్టి మళ్లీ మరిగించవచ్చు. ఇంత తేలిక సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదా! ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, మూత ఊడదీసి చూసింది. అంచు శుభ్రంగానే ఉంది. ఒక్క చోట మాత్రం చదునుగా, తెల్లగా, ఒకే ఒక్క మిరపగింజ అతుక్కుని ఉంది.

"నువ్వా దొంగవి!" అంది దానితో. గోటితో గీకి పారేసింది.

అంచు రెండుసార్లు తుడిచింది. కొత్త మూత పెట్టి, సీసాని చల్లనీళ్లలోనే ఉంచి మెల్లగా వేడెక్కించి, మరిగించాల్సినంతసేపు మరిగించి తీసింది. తువ్వాలు మీద పెట్టి, మోచేతులు బల్లకానించి, ముఖం సీసాకి ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. టక్కుమంది. ఆమె నిజంగానే చప్పట్లు కొట్టింది.

చప్పట్లకి అందరూ వచ్చారు. పెద్దకోడలు జడ వేసుకుంటూ వచ్చి, సగంలో ఆపేసి గుమ్మంలో నిలబడింది.

"చూడక్కా! నీ తప్పేం లేదు. ఒక్క గింజ అడ్డం పడిందంతే. ఇప్పుడు గట్టిగా పట్టేసింది."

పెద్దకోడలు సీసా వైపు చూసింది. "ఆహా," అంది. అత్తగారు పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోలేదు.

మామగారు దగ్గరికొచ్చి మూత నొక్కాడు. కదల్లేదు. కొంచెంసేపు వేలు అలాగే ఉంచాడు. "మంచి పని చేశావమ్మా," అని, సీసాని తీసుకెళ్లి మిగతావాటితో కలిపి పెట్టెలో సర్దాడు. వీధిలో సీసాలు కొనే కొట్టువాళ్ల వ్యాను హారను మోగింది. పెట్టె వ్యానులోకెక్కేదాకా ఆయన అరుగు మీదే నిలబడ్డాడు.

లోపలికొచ్చాక అన్నాడు: "చెట్ల మీద ఇంకొక్క కోత ఉంది. ఎల్లుండి కోసి, మర్నాడు మొక్కలు పీకేస్తాను. ఈ యేటికి అయిపోయినట్టే. ఈసారి మూతలు చిన్నమ్మాయి పెడుతుంది. పెద్దమ్మాయి తరిగిపెడితే చాలు."

"దానికింకా అలవాటు లేదండీ..." అంది అత్తగారు.

"అలవాటున్న చేతులు చూశాం కదా."

పెద్దకోడలు జడ చివర రబ్బరుబ్యాండు వేసుకుని, పాలు పొంగిన పొయ్యి తుడవడానికి వెళ్లింది. ఆమె వీపు చూస్తుంటే కొత్తకోడలికి ఏదో నలత. అక్కకి తిట్లు తప్పించబోయి చేతిలో పని తప్పించానా? కానీ అంతమాత్రానికి ఆమె ముఖం అలా పాలిపోవడమెందుకు?

మధ్యాహ్నం మగవాళ్లు ఇంట్లో లేరు. గదిలో పుస్తకం తిరగేస్తున్న కొత్తకోడలు దాహమై వంటింటి వైపు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

బల్లకి చెరోపక్క అత్తగారు, పెద్దకోడలు కూర్చుని ఉన్నారు. మధ్యలో పళ్లెం, అందులో కాల్చిన రొట్టె ముక్కలు. పళ్లేనికి చెరోవైపు ఒక చిన్న చెంచా. రొట్టె మీద వేసుకోవడానికి మాత్రం బల్ల మీద ఏమీ లేదు.

"తినవే, చల్లారిపోతోంది," అంది అత్తగారు.

"మీరు తినండత్తయ్యా."

"నాకు ఆకలిగా లేదు."

నిన్న ఇల్లెగిరిపోయేలా అరిచిన గొంతేనా ఇది? అడుగంటిన పాత్రలోంచి వస్తున్నట్టుంది.

"చిన్నది మూతలు బాగా పెడుతుంది," అంది అత్తగారు.

"అవునత్తయ్యా. శుభ్రంగా పెడుతుంది."

"చదువుకున్నపిల్ల."

"అవును."

అత్తగారు లేచింది. ఎవరూ ముట్టుకోని ఆ రెండు చెంచాల్నీ సింకు దగ్గరికి తీసుకెళ్లి, సబ్బు రాసి, రుద్ది రుద్ది కడిగి, తుడిచి, సొరుగులో పెట్టింది. కొత్తకోడలు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగింది. దాహం మాట మరిచిపోయింది.

సాయంత్రం పెరట్లో పెద్దకోడలు అంచులు తుడిచే గుడ్డముక్కలు ఉతికి తీగ మీద ఆరేస్తోంది. కొత్తకోడలు వెళ్లి క్లిప్పులు అందించడం మొదలుపెట్టింది.

"అక్కా, నేనేదో చెయ్యకూడని పని చేశాను. ఏంటో చెప్పు."

"నువ్వేం చేశావ్? పాడైన సీసా బాగుచేశావ్."

"మరి మీ ఇద్దరి ముఖాలూ అలా ఎందుకున్నాయి? నేను నిన్ను తిట్లు పడకుండా చూద్దామనుకున్నాను. అత్తయ్య నిన్ను ఊరికే అలా..."

"ఊరికే కాదు," అంది పెద్దకోడలు. ఒక గుడ్డముక్క దులిపి, తీగ మీద వేసి, ముడతలు లాగింది. "ఆ గింజ నేను పెట్టిందే."

కొత్తకోడలి చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది.

"ఈ మిరప పెరట్లో మొదట నాటింది మా ఆయన. మిరపకాయల్ని పంచదారలో ఉడకబెట్టే పిచ్చి కూడా ఆయనదే. మొదటిసారి పాకం మాడిపోయి గిన్నెడూ రాయైపోయింది. నెలరోజులు నవ్వుకున్నాం." పెద్దకోడలు నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "ఆయన పోయిన వారానికి మామయ్య ఇంట్లో ఉన్న సీసాలన్నీ పెట్టెలోకెత్తి కొట్టుకి ఇచ్చేశారు. ఇక ఈ ఇంట్లో ఇవి ఎవరూ తినరు, ఒక్క మంచి సీసా కూడా ఇంట్లో మిగలకూడదు అన్నారు. కొడుకు మొదలుపెట్టిన మొక్కల్ని మానెయ్యలేక ప్రతియేటా మళ్లీ వేస్తారు. కాసినవాటిని చూడలేక అమ్మేస్తారు. ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆయనకి రాదు."

"మరి..."

"పాడైన సీసాని మాత్రం ఏమీ అనరు. అమ్మకూడదు, పారెయ్యబుద్ధి కాదు. ఫ్రిజ్‌లో ఉంటుంది. మొదటిసారి ఆ గింజ నిజంగానే పొరపాటున పడింది. ఆ సీసాని నేనూ అత్తయ్యా నెలంతా మధ్యాహ్నం పూట కొంచెం కొంచెం తిన్నాం. రెండోసారి కావాలనే పెట్టాను. పెడుతుంటే అత్తయ్య చూశారు. చూసి, అటు తిరిగిపోయారు. ఆ సాయంత్రమే మొదటిసారి అంత గట్టిగా తిట్టారు."

"మామయ్యకి వినపడాలని?"

"మరింకెందుకు? అసలు నిజంగా కోపమొస్తే అత్తయ్యకి మాట పెగలదు."

"మీరిద్దరూ ఈ మాట అనుకున్నారా ఎప్పుడైనా?"

"ఏమని అనుకుంటాం? కూర్చుని తింటాం. మా ఇద్దరికీ ఆ కారం పడదు. కళ్లవెంట, ముక్కువెంట నీళ్లు కారిపోతాయి. మిరపకాయ తిన్నాక కళ్లనీళ్లెందుకని ఎవరూ అడగరు కదా."

పెద్దకోడలు ఆఖరి గుడ్డముక్క ఆరేసి, ఖాళీ బకెట్ ఎత్తుకుంది. "ఇదివరకు మోగని సీసాలన్నీ నిండుకున్నాయి. మిగిలింది ఈ కోత ఒక్కటే. పోనీలే. వచ్చే యేడు మళ్లీ కాస్తాయి," అంటూ లోపలికి వెళ్లింది. కొత్తకోడలు తీగ పట్టుకుని అక్కడే నిలబడింది. పొద్దున తను కొట్టిన చప్పట్లు చెవుల్లో మోగుతుంటే చెంపలు వేడెక్కాయి.

ఆఖరి కోత చిన్న బుట్టెడే వచ్చింది. కాయలన్నీ పండి ఎర్రబడ్డాయి. పెద్దకోడలు మూలన పీట వేసుకుని తరిగింది. అత్తగారు పాకం కాచింది. సీసాలు నింపడం అయ్యాక, తుడిచే బట్ట, మూతల డబ్బా కొత్తకోడలి ముందుకొచ్చాయి. మామగారు కుర్చీ తెచ్చుకుని గుమ్మం పక్కన కూర్చున్నాడు. ఈసారి కుర్చీ కొంచెం లోపలికే జరిగింది. అక్కడి నుంచి బల్ల మొత్తం కనిపిస్తుంది.

కొత్తకోడలు ఒక్కొక్క అంచే తుడిచింది. మూత పెట్టి, బిగించి, పక్కకి జరిపింది. ఆఖరి సీసా మిగిలింది. దాని అంచు కూడా శుభ్రంగా తుడిచింది. బల్ల మీద, సీసాలు నింపిన చోట, పాకంతో పాటు రెండుమూడు గింజలు పడి ఉన్నాయి. బట్ట మడతపెడుతున్నట్టు చెయ్యి అటు పోనిచ్చి, ఒక గింజని వేలికొసకి అద్దుకుంది.

తలెత్తేసరికి మామగారు ఆమె చేతి వైపే చూస్తున్నాడు.

ఆమె వేలు గాల్లో ఆగిపోయింది. మూలన పీట తుడుస్తున్న పెద్దకోడలి చెయ్యీ ఆగింది. పొయ్యి దగ్గర అత్తగారి గరిటె చప్పుడూ ఆగింది.

మామగారు కళ్లజోడు సర్దుకున్నాడు. పేపరు ఎత్తి ముఖానికి అడ్డంగా పట్టుకుని, పేజీ తిప్పాడు.

కొత్తకోడలు గింజని అంచు మీద ఉంచి మూత పెట్టింది.

సాయంత్రం సీసాలు మోగడం మొదలైంది. ఈసారి ఆమెకి నవ్వు రాలేదు. ఒక్కొక్కటీ మోగుతుంటే అత్తగారి భుజాలు కొంచెం కొంచెం కిందికి దిగుతున్నాయి. సగానికి పైగా మోగాక అత్తగారు అటు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతూ నిలబడింది. ఇంకొకటి టక్కుమంది. ఇంకొకటి. ఆ తర్వాత వంటింట్లో గోడగడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

చివరికి అత్తగారు వచ్చింది. మూతల్ని వరసగా నొక్కింది. నమ్మకం లేని వేలు అది, ఊరికే తాకి జరిగిపోతోంది. ఆఖరి సీసా దగ్గర మూత అణిగి, పైకి లేచింది. టిక్కు టిక్కు.

ఆమె తలెత్తి కొత్తకోడలిని చూసింది. తర్వాత పెద్దకోడలిని. మళ్లీ కొత్తకోడలిని.

"ఇంత చదువు చదివావు," అంది. మళ్లీ మొదలుపెట్టింది. "ఇంత చదువు చదివి... ఒక్క అంచు తుడవడం చేతకాదుటే నీకు? కళ్లెక్కడ..." ఆ మాట పూర్తి కాలేదు.

"పొరపాటైందత్తయ్యా," అంది కొత్తకోడలు.

"అయిపోయింది!" అన్నాడు గుమ్మం అవతల నుంచి ఆమె భర్త. "నీకూ పడ్డాయా తిట్లు? ఇప్పటికి అసలైన కోడలివయ్యావు!"

అతని నవ్వుకి ఎవరూ నవ్వు కలపలేదు. మామగారు లేచి, పేపరు కుర్చీలో పడేసి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాడు. తలుపు తీసి, పై అరలో నీళ్లసీసాల్ని ఒకటొకటిగా పక్కకి జరిపాడు. మధ్యలో ఒక సీసా పట్టేంత చోటు చేసి, తలుపు తెరిచి ఉంచే పెరట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మామగారు బయటి పని, కొట్టు మాట ఏదీ పెట్టుకోలేదు. పెరట్లో మొక్కలు పీకుతున్నాడు. వేళ్లతో సహా ఒక్కో మొక్కా ఊడివస్తున్న చప్పుడు, మట్టి దులిపి గోడవారగా వేస్తున్న చప్పుడు వంటింటి కిటికీలోంచి వినిపిస్తోంది. కిటికీకి వీపు పెట్టి పనిచేస్తున్నాడు.

అత్తగారు సొరుగు తీసి, మూడు చెంచాలు బల్ల మీద పెట్టింది. కాలితో మూడో కుర్చీ లాగింది. "నిలబడి చూస్తావేంటే? కూర్చో."

సీసా మూత తీసింది. రొట్టె ముక్క మీద ఎర్ర చక్రం ఒకటి, చెంచాడు పాకం. ముందు తీపి తగిలింది కొత్తకోడలికి, తర్వాత పులుపు. అబ్బ, ఎంత బాగుంది అనుకునేలోపు మంట నాలుక వెనక నుంచి లేచి చెవుల దాకా పాకింది. కళ్లల్లోంచి నీళ్లు దూకాయి. చూస్తే ఎదురుగా ఇద్దరి పరిస్థితీ అదే.

"కారం ఎక్కువైంది ఈసారి," అంది అత్తగారు ముక్కు ఎగబీలుస్తూ.

"పండుకాయలు కదత్తయ్యా," అంది పెద్దకోడలు.

"వాడికి గింజలతో సహా కావాలి. గింజ తీసేస్తే ఇదేం మిరపకాయమ్మా అనేవాడు."

పెద్దకోడలు చెంచా కింద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అత్తగారి చెయ్యి బల్ల మీదుగా వెళ్లి ఆమె మోచేతిని పట్టుకుంది. బయట మొక్కలు పీకుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

అత్తగారు సీసా అంచు మీద అతుక్కున్న గింజని గోటితో తీసింది. పారెయ్యలేదు. వేలికొసన పెట్టుకుని వెలుగుకి చూసింది. లేచి వెళ్లి, కిటికీ గట్టు మీద ఖాళీగా ఉన్న మట్టికుండీలో వేలితో గుంట చేసి, గింజ వేసి, మట్టి కప్పింది.

పాకంలో ఉడికి, మరిగే నీళ్లలో మళ్లీ ఉడికిన గింజ అది. మొలవదు. ఆ సంగతి కొత్తకోడలికి తెలుసు. పెద్దకోడలికి తెలుసు. ఇన్నేళ్లు వంటిల్లు చూసిన అత్తగారికి తెలియకుండా ఉంటుందా?

కొత్తకోడలు కళ్లు తుడుచుకుని లేచింది. గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చి, మట్టి చెదరకుండా, కుండీలో మెల్లగా పోసింది.